కాలాపానీ కథలో కనిపించని స్త్రీలు

చీకటి పడే వేళకు అండమాన్ సెల్యులార్ జైలు ఆవరణలో ధ్వని-కాంతి ప్రదర్శన మొదలవుతుంది. అక్కడి రావిచెట్టు తాను చూసినదంతా మనకు చెబుతున్నట్టుగా కథ నడుస్తుంది. సంకెళ్ల చప్పుడు, కొరడా దెబ్బలు, గానుగ మోత, ఉరికంబం ముందు నినాదాలు. చూడడానికి వచ్చినవాళ్ల కళ్లు చెమర్చుతాయి. నా పక్క వరుసలో ఒక తెలుగు కుటుంబం కూర్చుంది. శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి వెళ్లి ఆ దీవుల్లో స్థిరపడ్డ తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. పది పన్నెండేళ్ల అమ్మాయి తల్లిని అడిగింది: "అమ్మా, ఆడవాళ్లని కూడా ఇక్కడికి తెచ్చేవారా?" తల్లి ఒక్క క్షణం ఆలోచించి, "లేదమ్మా, ఆడవాళ్లనెందుకు తెస్తారు?" అంది.

ఆ తల్లిని తప్పుపట్టడానికి ఏమీ లేదు. ఆమె కళ్ల ముందు నడుస్తున్న కథలో ఒక్క స్త్రీ ఖైదీ గొంతు కూడా వినిపించలేదు. కానీ ఆ జవాబు నిజం కాదు. స్త్రీలను తెచ్చారు. ఏడాది రెండేళ్లు కాదు, దశాబ్దాల పాటు తెచ్చారు. వాళ్లు ఏమయ్యారు, వాళ్ల కథ జాతీయ స్మారకం గోడల దాకా ఎందుకు రాలేదు అన్నదే ఈ సంచికలో మేం మీ ముందు పెట్టదలచిన ప్రశ్న. ఇది గతానికి మాత్రమే సంబంధించిన ప్రశ్న అయితే సంపాదకీయం రాయవలసిన పని లేదు. ఈ రోజు మన జిల్లా జైళ్లలో ఉన్న స్త్రీలకూ దీనికీ దగ్గర సంబంధం ఉంది.

ముందుగా ఆ కట్టడం గురించి కొంత చెప్పుకోవాలి. 1857 తిరుగుబాటును అణచివేశాక, 1858 మార్చిలో బ్రిటిష్ ప్రభుత్వం అండమాన్‌లో శిక్షాస్థావరాన్ని నెలకొల్పింది. సెల్యులార్ జైలు చాలా తర్వాత వచ్చింది. 1896లో పని మొదలై 1906 నాటికి పూర్తయింది. కట్టింది ఖైదీలే. నడుమ ఒక గోపురం, దాని చుట్టూ చక్రానికి ఆకుల్లా ఏడు విభాగాలు, మూడేసి అంతస్తులు, ఏడు వందలకు కొంచెం తక్కువగా ఒంటరి గదులు. ఒక గదిలోని మనిషికి ఎదుటి విభాగం వీపు తప్ప ఇంకో మనిషి ముఖం కనిపించకుండా కట్టారు. ఇప్పుడు మూడు విభాగాలే మిగిలాయి. కూల్చిన చోట ఆసుపత్రి వెలిసింది. 1979 ఫిబ్రవరి 11న దీన్ని జాతీయ స్మారకంగా ప్రకటించారు. ఆ ఊరిని మనమంతా పోర్ట్ బ్లెయిర్‌గానే ఎరుగుదుం. 2024లో దాని పేరును శ్రీ విజయపురంగా మార్చారు.

ఇక్కడ జరిగిన త్యాగాలను తక్కువ చేయాలన్నది మా ఉద్దేశం కాదు. 1933 మే నెలలో నిరాహార దీక్ష చేస్తున్న మహావీర్ సింగ్, మోహన్ కిషోర్ నామదాస్, మోహిత్ మైత్రా బలవంతంగా పాలు పోయించే క్రమంలో ప్రాణాలు పోగొట్టుకున్నారు. మన మన్యం నుంచి కూడా ఈ దీవులకు మనుషులు వెళ్లారు. 1879-80 నాటి రంప తిరుగుబాటులో పట్టుబడినవాళ్లను ఇక్కడికే పంపారు. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర అండమాన్ శిక్ష అనుభవించి వచ్చి, 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ఈ చరిత్ర మనది. దీన్ని పిల్లలకు చెప్పుకోవలసిందే.

అయితే ఒక్క సంగతి గమనించాలి. ఆ గదుల్లో మగ్గినవాళ్లలో ఎక్కువమంది దేశభక్తులు కారు. వాళ్లు మామూలు ఖైదీలు. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ల నిబంధనల ప్రకారం, యావజ్జీవ శిక్ష పడి వచ్చిన ప్రతి మగ ఖైదీ మొదటి ఆరు నెలలు ఈ ఒంటరి గదుల్లోనే గడపాలి. వాళ్ల పేర్లు ఏ ఫలకం మీదా చెక్కలేదు. ఇక స్త్రీలను ఈ కట్టడంలో అసలు ఉంచలేదు. వాళ్లకు సౌత్ పాయింట్ అనే చోట వేరే ఆడ జైలు ఉండేది. గోడలు మిగిలిన జైలు స్మారకం అయింది, ఆడ జైలు ఆ కథకు బయటే ఉండిపోయింది. మన జ్ఞాపకం కూడా ఆ గోడల వెంటే నడిచింది.

ఎవరా స్త్రీలు? చాలామంది హత్యా నేరం మీద శిక్ష పడినవాళ్లు. భర్తనో, భర్త తరఫు వాళ్లనో చంపారని కొందరిపై ఆరోపణ. మరికొందరిపై, తమ కడుపున పుట్టిన పసికందును చంపారని. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో హత్యకు ఉరిశిక్ష గానీ, యావజ్జీవ ద్వీపాంతరవాసం గానీ వేసేవారు. (ద్వీపాంతరవాసం అనే మాటను మన చట్టం నుంచి తీసేసి యావజ్జీవ కారాగారం అని మార్చింది 1955లో.) పసికందును చంపిన తల్లిని చట్టం చూసింది. ఆ బిడ్డకు తండ్రి ఎవరో, ఆ తల్లిని అంతదాకా నెట్టింది ఎవరో చట్టం చూడలేదు.

1881లో సూరత్ ప్రాంతానికి చెందిన విజయలక్ష్మి అనే బ్రాహ్మణ వితంతువుకు ఇలాంటి కేసులోనే ఉరిశిక్ష వేశారు. అప్పీలులో దాన్ని ద్వీపాంతరవాసంగా మార్చారు, తర్వాత ఇంకా తగ్గించారు. ఆ కేసు మీద పత్రికల్లో ఆడజాతి నీతి గురించి సాగిన చర్చ చూసి మండిపడ్డ తారాబాయి షిండే 1882లో 'స్త్రీ పురుష తులన' రాసింది. ఈ దేశంలో స్త్రీవాద ఆలోచనకు తొలి పుస్తకాల్లో ఒకటిగా మనం చెప్పుకునే రచన పుట్టింది ఒక ఖైదీ స్త్రీ కేసు నుంచి. అదే 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించాడు. మనం ఆ పెళ్లిని సంస్కరణ చరిత్రగా చదువుకున్నాం. ఆ పెళ్లి వెనక ఉన్న భయం ఎంతటిదో తెలుసుకోవాలంటే, పెళ్లి జరగని వితంతువులను కోర్టు బోనుల్లో వెతకాలి. విజయలక్ష్మి కేసు పత్రికలకెక్కింది. పత్రికలకెక్కని కేసుల్లోని స్త్రీలు ఓడలెక్కారు.

ఓడ దిగాక వాళ్లకు ఏం జరిగిందన్నది ఇంకా ముఖ్యం. శిక్షాస్థావరంలో మగ ఖైదీలు వేలల్లో, స్త్రీలు వందల్లో. మగవాళ్లను అదుపులో పెట్టడానికి, వాళ్లతో సేద్యం చేయించి ఊళ్లు నిలబెట్టడానికి 'కుటుంబం' కావాలని అధికారులు తేల్చారు. కుటుంబం కావాలంటే ఆడది కావాలి. ఖైదీ స్త్రీ అక్కడికి శిక్ష అనుభవించడానికే రాలేదు, మగ ఖైదీని బాగుచేసే పనిముట్టుగా కూడా వచ్చింది. పదేళ్లు శిక్ష గడిపి, టికెట్ మీద సొంతంగా బతికే అనుమతి సంపాదించిన మగ ఖైదీ పెళ్లికి అర్హుడు. అతను ఆడ జైలుకు వచ్చి, అధికారి సమక్షంలో వరుసగా నిలబడ్డ స్త్రీలలో ఒకరిని ఎంచుకునేవాడు. మన పెళ్లిచూపులకు ఇంతకంటే నగ్నమైన రూపం ఉంటుందా?

ఆనాటి ప్రభుత్వ గెజిటీర్‌లో అచ్చయిన నిబంధనలు చూడండి. స్త్రీ ఖైదీ ఆడ జైలు దాటి బయటికి రావడానికి రెండే దారులు. ఒకటి, అనుమతితో ఎవరింట్లోనైనా పనికి కుదరడం. రెండు, పెళ్లి చేసుకుని భర్త దగ్గర ఉండడం. ఈ రెండింటికీ అయిదేళ్ల తర్వాతే అర్హత. పెళ్లి చేసుకున్న స్త్రీ పదిహేనేళ్లకు భర్తతో కలిసి దీవి విడిచి వెళ్లవచ్చు. పెళ్లి చేసుకోని స్త్రీ ఇరవై ఏళ్లు ఉండాలి. పెళ్లయిన జంటలో ఎవరి గడువు ఎక్కువైతే ఆ గడువు దాకా ఇద్దరూ ఆగాలి, కలిసే వెళ్లాలి.

ఈ లెక్కను ఒకసారి నిదానంగా చదువుకోండి. మగవాడి నీడకు చేరిన స్త్రీకి అయిదేళ్లు తగ్గింపు. చేరనన్న స్త్రీకి అయిదేళ్లు అదనం. ఆమె చేసిన నేరం మారలేదు, ఆమె ప్రవర్తన మారలేదు. మారింది ఒక్కటే, ఆమె ఎవరి చేతికింద ఉందన్నది. ఇంటి దగ్గర పితృస్వామ్యం నుంచి తప్పించుకోబోయి, లేదా దాని చేతుల్లో నలిగిపోయి నేరస్తురాలైన స్త్రీని, సముద్రం దాటించి మళ్లీ అదే పితృస్వామ్యానికి అప్పజెప్పారు. ఈసారి పెళ్లిపెద్ద సర్కారు. వలస ప్రభుత్వానికీ మన కుటుంబ వ్యవస్థకూ మధ్య కొన్ని విషయాల్లో ఘర్షణ ఉండవచ్చు గానీ, ఈ విషయంలో మాత్రం గొప్ప ఏకాభిప్రాయం ఉంది.

ఆ స్త్రీలు నోరు మూసుకుని అన్నీ భరించారని అనుకోవడం కూడా పొరపాటే. వచ్చిన సంబంధాన్ని కాదన్నవాళ్లున్నారు. చేసుకున్నాక మొగుణ్ని వదిలి ఆడ జైలుకు తిరిగి వెళ్లినవాళ్లున్నారు. అధికారుల రాతల్లో వీళ్లు 'చెడిపోయిన ఆడవాళ్లు'. వాళ్ల సొంత మాటల్లో వాళ్లెవరో మనకు దొరకదు, ఎందుకంటే వాళ్లలో చాలామందికి చదువు లేదు, వాళ్లను అడిగి రాసుకున్నవాళ్లూ లేరు. ఈ పెళ్లిళ్ల నుంచి పుట్టిన పిల్లలు, వాళ్ల పిల్లలే ఇప్పటి అండమాన్‌లో 'లోకల్ బార్న్' అని పిలుచుకునే సమాజం. కులం కలిసిపోయిన, భాషలు కలిసిపోయిన సమాజం అని దాన్ని మెచ్చుకునేవాళ్లున్నారు. ఆ మెప్పులో నిజం ఉంది. కానీ ఆ కలయికకు నాంది పలికిన ముత్తవ్వలు ఏ నేరం మీద వచ్చారన్నది చెప్పుకోవడానికి ఏ కుటుంబమైనా జంకుతుంది. తాత తిరుగుబాటుదారు అయితే మనవలకు గర్వం. అవ్వ ఖైదీ అయితే సిగ్గు. ఆ సిగ్గు ఎక్కణ్ణుంచి వచ్చింది? 'రాజకీయ ఖైదీ', 'మామూలు నేరస్తుడు' అని మనం గీసిన గీతలో నుంచి వచ్చింది.

ఆ గీత గురించి మనం, ఉద్యమకారులం, నిజాయితీగా మాట్లాడుకోవాలి. స్వాతంత్ర్యోద్యమంలో జైలుకెళ్లిన స్త్రీలను మనం సగర్వంగా తలచుకుంటాం. దువ్వూరి సుబ్బమ్మ 1922లో జైలుకెళ్లింది. చిట్టగాంగ్ కేసులో కల్పనా దత్‌కు 1933లో యావజ్జీవ ద్వీపాంతరవాస శిక్ష పడింది. అయితే ఆమెను అండమాన్‌కు పంపలేదు, 1939లో విడుదలైంది. దేశభక్తురాలు అండమాన్ చూడలేదు, కాబట్టి అండమాన్ కథలో స్త్రీ లేదు. 'మామూలు' స్త్రీ అక్కడే బతికి, అక్కడే చచ్చిపోయింది, అయినా కథలో లేదు. లెక్క సరిగ్గా ఇలా కుదిరింది.

ఈ గీతను దాటి చూసినవాళ్లు మనలో లేకపోలేదు. ఉప్పు సత్యాగ్రహ కాలంలో వెల్లూరు, మదురై జైళ్లలో ఉన్న దుర్గాబాయికి హత్యానేరం మీద శిక్ష పడిన స్త్రీలు దగ్గరయ్యారు. తమ తరఫున ఏం చెప్పుకోవాలో తెలియక, చెప్పేవాళ్లు లేక శిక్ష పడ్డ ఆడవాళ్లను ఆమె అక్కడ చూసింది. న్యాయశాస్త్రం చదవాలన్న పట్టుదల ఆ జైలు గోడల మధ్యే మొదలైంది. స్వాతంత్ర్యం కోసం జైలుకెళ్లిన స్త్రీ, తన పక్క గదిలోని స్త్రీకి ఏ స్వాతంత్ర్యమూ లేదని గుర్తించడం మన చరిత్రలో ఒక పెద్ద మలుపు. మనం దుర్గాబాయిని గుర్తుంచుకున్నాం, ఆమెకు ఆ చూపునిచ్చిన స్త్రీలను మరిచిపోయాం.

ఇక ఈనాటికి వద్దాం. జైలును ప్రదర్శనశాలగా మార్చడం అండమాన్‌తో ఆగలేదు. మన సంగారెడ్డిలో 1796 నాటి పాత జైలును మ్యూజియం చేశారు. 2016లో అక్కడ 500 రూపాయలు కడితే 24 గంటలు ఖైదీలా గడిపే ఏర్పాటు పెట్టారు. ఖద్దరు దుస్తులు, పళ్లెం, గ్లాసు, చాప, జైలు తిండి అన్నీ ఇచ్చేవారు. జైలు అంటే ఏమిటో జనానికి తెలియాలన్న ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ జైలు అంటే చాపా పళ్లెమా? మర్నాడు బయటికి వస్తానని తెలిసినవాడికి తెలియనిది ఒక్కటే, అదే జైలు. ఎప్పుడు వెళ్తానో తెలియకపోవడం, వెళితే ఎవరు రానిస్తారో తెలియకపోవడం. ఆ రెండూ టికెట్టు పెట్టి అమ్మేవి కావు.

2022 చివరి ప్రభుత్వ లెక్కల ప్రకారం దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే, వారిలో స్త్రీలు 23,772 మంది. అంటే వందకు నలుగురు. ఆడా మగా కలిపి చూస్తే ప్రతి నలుగురు ఖైదీల్లో ముగ్గురు విచారణ ఖైదీలే, ఇంకా నేరం రుజువు కానివాళ్లు. తల్లులతో పాటు జైళ్లలో పెరుగుతున్న పిల్లలు పదిహేను వందలకు పైనే. ఈ పిల్లల గురించి 2006లో సుప్రీం కోర్టు తీర్పు ఇచ్చింది. ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం అనే ఆ కేసులో, జైలులో పుట్టిన బిడ్డ జనన ధ్రువపత్రంలో పుట్టిన చోటు జైలు అని రాయకూడదంది. ఆరేళ్లలోపు పిల్లలకు తిండి, చదువు, వైద్యం చూడాలంది. అంతకు ముందే, 1987లో జస్టిస్ కృష్ణయ్యర్ కమిటీ స్త్రీ ఖైదీల గురించి ప్రత్యేకంగా నివేదిక ఇచ్చింది. కాగితాలకు మనకు ఎప్పుడూ కొదవ లేదు.

నా పరిశోధన కోసం ఒక మహిళా జైలుకు వెళ్లినప్పుడు అక్కడి స్త్రీలను ఒకటే ప్రశ్న అడిగాను: "మీకు ఇప్పుడు ఏం కావాలి?" న్యాయం అంటారని, లాయరు అంటారని అనుకున్నాను. ఒకామె అంది: "ములాకత్‌కు ఎవరన్నా రావాలమ్మా." మగవాడు జైలుకెళితే పెళ్లాం క్యారేజీ పట్టుకుని గేటు ముందు నిలబడుతుంది. ఆడది జైలుకెళితే గేటు ముందు ఎవరూ ఉండరు. బెయిల్ వచ్చినా జామీనుదారులు ఉండరు. పెరోల్‌కు పెట్టుకుంటే, ఆమె వెళ్లబోయే ఇంటి నుంచీ ఊరి నుంచీ పోలీసు నివేదిక రావాలి. 'ఆమెను ఎవరు తీసుకెళ్తారు?' అన్నదే మొదటి ప్రశ్న. సౌత్ పాయింట్ ఆడ జైలులో అధికారి అడిగిన ప్రశ్న ఇదే కదా. పదిహేనేళ్లా, ఇరవయ్యేళ్లా అన్న లెక్క పుస్తకాల్లోంచి పోయింది గానీ, స్త్రీ విడుదలను ఆమెను ఏలుకునే మనిషితో ముడిపెట్టడం పోలేదు.

కాబట్టి మనం చేయవలసినవి కొన్ని ఉన్నాయి. అండమాన్ స్మారకంలో ఆడ జైలు కథకు చోటు ఇవ్వాలని మనం అడగాలి. అక్కడ ఎవరున్నారో, ఏ నిబంధనల కింద బతికారో చెప్పే ఒక గది చాలు. దాంతో పాటే, ఆ శిక్షాస్థావరం రాకతో రోగాల పాలై అంతరించే స్థితికి చేరిన గ్రేట్ అండమానీయుల కథా ఉండాలి. ఆ దీవులు బ్రిటిష్ వాడివీ కాదు, ఖైదీలవీ కాదు, ముందు వాళ్లవి.

రెండో పని మన చేతుల్లోనే ఉంది. బెయిల్ వచ్చి కూడా ఏడు రోజుల్లో విడుదల కాని ఖైదీ ఉంటే, జైలు సూపరింటెండెంట్ ఆ సంగతి జిల్లా న్యాయసేవల సంస్థకు తెలియజేయాలని సుప్రీం కోర్టు 2023 జనవరిలో ఆదేశించింది. పేద ఖైదీల కోసం కేంద్రం అదే ఏడాది తెచ్చిన పథకంలో విచారణ ఖైదీకి బెయిల్ కోసం 40,000 రూపాయల దాకా, శిక్ష ఖైదీకి జరిమానా కోసం 25,000 రూపాయల దాకా ఇవ్వవచ్చని అప్పట్లో నిర్ణయించారు. మీ జిల్లా జైలులో ఇలాంటి స్త్రీలు ఎందరున్నారో, ఎందరికి ఇది అందిందో అడగండి. రాతపూర్వకంగా అడగండి, జవాబు వచ్చేదాకా అడగండి. సొంత పూచీకత్తు మీద విడుదల కోసం కోర్టులో పట్టుబట్టే లాయర్లను వెతకండి. విడుదలైన స్త్రీ వెళ్లడానికి ఇల్లు లేకపోతే, కొన్నాళ్లు తలదాచుకునే చోటు మన సంఘాలు చూపించలేవా?

మూడోది, రాసుకోవడం. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు మనం ఒక సంగతి నేర్చుకున్నాం. అడిగితే స్త్రీలు చెబుతారు, అడగకపోతే చరిత్ర వాళ్లు లేరని రాసుకుంటుంది. జైలు నుంచి వచ్చిన స్త్రీల అనుభవాలను, వాళ్ల ఇష్టంతో, పేర్లు బయటపెట్టకుండా రాసి ఉంచుదాం. వందేళ్ల తర్వాత మన జైళ్లను కూడా ఎవరో మ్యూజియంలు చేస్తారు. ఏ గోడ మిగులుతుందో మనకు తెలియదు.

ఆ సాయంత్రం ప్రదర్శన అయిపోయాక జనం గేటు వైపు కదిలారు. నేను ఆ అమ్మాయిని పలకరించి, "ఆడవాళ్లను కూడా తెచ్చారమ్మా, వాళ్లది వేరే జైలు" అని చెప్పాను. "ఎక్కడ? చూడొచ్చా?" అంది వెంటనే. తల్లి నా వైపు చూసింది, జవాబు ఏం చెబుతానా అని.

ఆ పిల్లకు చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. మీ ఊరి జైలులో మాత్రం చూపించవలసినవాళ్లు ఇప్పుడూ ఉన్నారు.